ఎన్నాళ్లకోసారి కటింగ్ అని అడిగావు కదా

చిరంజీవి అబ్బాయికి,

బాబాయ్ ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మా నాన్నా కులాసా.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు మన కటింగ్ షాపులో జనం ఉన్నారు, సరిగ్గా మాట్లాడలేకపోయాను. "నెలకోసారి చేయించుకుంటున్నా, రెండు వారాలకే పాడైపోతోంది, ఇక పదిహేను రోజులకోసారి వెళ్లాలా బాబాయ్?" అన్నావు. వెళ్లక్కర్లేదు. అయితే ఎందుకు అక్కర్లేదో తెలిస్తేనే నీకు ముందు ముందు పనికొస్తుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

జుట్టు నెలకు ఒక సెంటీమీటరు, మహా అయితే సెంటీమీటరుంపావు పెరుగుతుంది. అంటే సుమారు అరంగుళం. మనిషికీ మనిషికీ కొద్దిగా తేడా ఉంటుంది కానీ, ఒకడికి వారంలో, ఇంకొకడికి నెలలో పెరిగేంత తేడా ఉండదు. మరి ఒకడి కటింగ్ రెండు వారాలకే పోయి, ఇంకొకడిది రెండు నెలలు నిలబడుతుందేం? ఆ పెరిగిన అరంగుళం ఎంత పొడవు మీద వచ్చి కలిసింది అన్నదాంట్లో ఉంది కిటుకంతా.

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఇప్పుడు నువ్వు చేయించుకుంటున్నది ఫేడ్. చెవుల దగ్గర మిషన్ నంబర్ 1, దాని పైన 2. నంబర్ 1 అంటే 3 మిల్లీమీటర్లు, 2 అంటే 6. పదిహేను రోజుల్లో అక్కడ ఇంకో 5, 6 మిల్లీమీటర్లు వచ్చి చేరుతుంది. అంటే 3 ఉన్నచోట 9 అవుతుంది, దాదాపు మూడింతలు. ఫేడ్ అందమంతా కింద చర్మం కనబడుతూ పైకి పోయేకొద్దీ నలుపు చిక్కబడడంలోనే ఉంటుంది. ఆ మెట్టు చెరిగిపోయాక ఇక మిగిలేదేం లేదు. అదే నడినెత్తిన నాలుగంగుళాల జుట్టు ఉందనుకో, దానికి ఇంకో 6 మిల్లీమీటర్లు కలిసినా నీకే తెలియదు. కాబట్టి మీ కటింగ్ అతని తప్పేమీ లేదు. ఫేడ్ తత్వమే అంత. దాన్ని ఎప్పుడూ కొత్తగా ఉంచాలంటే రెండు వారాలకోసారి కుర్చీలో కూర్చోవాల్సిందే.

చాలామంది దీన్ని తిరగేసి ఆలోచిస్తారు. "బాగా తగ్గించెయ్, ఇంకో రెండు నెలలదాకా రాను" అంటూ కూర్చుంటారు. ఎంత పొట్టిగా కోయించుకుంటే అంత తొందరగా మళ్లీ రావాలి అని వాళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు. తలంతా ఒకే నంబరుతో కొట్టించుకునే సమ్మర్ కటింగ్ ఒక్కటే దీనికి మినహాయింపు. దానికి ఆకారమంటూ లేదు గనక చెడిపోయేదీ లేదు. అయినా నెలన్నర దాటేసరికి చెవుల పైన ఉబ్బి, తల వెడల్పుగా కనిపించడం మొదలవుతుంది.

అందుకని నేను చెప్పేదేమిటంటే, ముందు ఎన్నాళ్లకోసారి వెళ్లగలవో నువ్వు తేల్చుకో. స్టైల్ సంగతి ఆ తర్వాత. అందరూ ఫోన్‌లో ఫొటో చూపించి "ఇలా కావాలి" అంటారు. అది నిలబెట్టుకోవడానికి నెలకు ఎన్నిసార్లు రావాలో అడిగేవాళ్లే తక్కువ. నీకు షిఫ్టు డ్యూటీ. దొరికేది వారానికి ఒక్క రోజు సెలవు, అందులో బట్టలు, వంట, నిద్ర. అక్కడ ఒక్కో కటింగ్‌కి 250 తీసుకుంటున్నారన్నావు. రెండు వారాలకోసారి అయితే ఏడాదికి 26 సార్లు, ఆరున్నర వేలు. నాలుగు వారాలకైతే 13 సార్లు, మూడువేల చిల్లర. డబ్బు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకుంటావు, నీ సెలవు రోజు సగం సెలూన్ బెంచీ మీద పోతేనే నాకు బాధ. నాలుగు వారాలు నీకు సరిపోతుందని నా లెక్క. దానికి తగ్గట్టు పక్కల నంబర్ 4 పెట్టించుకో, లేదా దువ్వెన, కత్తెరతోనే కోయమను. నంబర్ 4 అంటే 13 మిల్లీమీటర్లు. నెల తిరిగేసరికి రెండింతలవుతుంది కానీ అసహ్యంగా ఉండదు, జుట్టు పెరిగింది అనిపిస్తుంది అంతే. కత్తెర పనిలో ఇంకో సుఖం కూడా ఉంది. మిషన్‌తో కొట్టిన చోట గీత పడినట్టు ఉంటుంది, పెరిగేకొద్దీ ఆ గీత బయటపడుతుంది. కత్తెరతో మెల్లగా కలుపుకుంటూ పోయిన జుట్టు పెరిగినా దాని ఆకారం దానికి ఉంటుంది.

నీ తల నాకు తెలుసు కాబట్టి ఇంకొకటి చెబుతున్నా. నీకు వెనక రెండు సుడులు. అక్కడ మరీ తగ్గిస్తే వెంట్రుకలు నిక్కపొడుచుకుంటాయి, ఎంత నూనె రాసినా వంగవు. రెండంగుళాలైనా ఉంటే వాటి బరువుకి అవే పడుకుంటాయి. కొత్త షాపుకి వెళ్లినప్పుడు కూర్చోగానే ఈ మాట చెప్పు, దువ్వెన పెట్టకముందే. "షార్ట్", "మీడియం" అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. పక్కల ఏ నంబరు, పైన ఎన్ని వేళ్ల మందం ఉంచాలి, సుడుల దగ్గర ముట్టుకోవద్దు, ఈ మూడూ చెబితే చాలు. వీలైనంతవరకూ ఒక్క మనిషి దగ్గరికే వెళ్లు. నాలుగోసారికి నువ్వేం చెప్పక్కర్లేకుండా అతని చేతికే తెలుస్తుంది.

నా లెక్క నీ తలకు సరిపోతుందో లేదో ఇలా చూసుకో. కటింగ్ అయిన రోజు ముందు నుంచి, పక్క నుంచి ఫొటో తీసి పెట్టుకో. ఆ తర్వాత వారానికోసారి, తలస్నానం చేసి ఆరాక, నూనె రాయకముందు అద్దంలో చూడు. మొదట చెడేది ఎప్పుడూ చెవి దగ్గరే. చెవి పైఅంచుని వెంట్రుక తాకడం మొదలవుతుంది, తర్వాత దాని మీదికి వాలుతుంది. మేం కోసేటప్పుడు చెవిని బొటనవేలితో కిందికి మడిచి, కత్తెర మొనతో ఆ వంపు వెంట గీసుకుంటూ వస్తామే, ఆ గీత కనిపిస్తున్నన్నాళ్లు మనిషి శుభ్రంగా ఉన్నట్టే కనిపిస్తాడు. అది మూసుకుపోయి, పొద్దున్నే తడి చెయ్యి పెట్టి జుట్టు అణచాల్సి వస్తోందంటే నీ గడువు దాటిపోయినట్టు. అది ఎన్నో వారమో చూసుకుని, అందులోంచి ఒక వారం తగ్గించు. అదే నీ లెక్క. 2020 లాక్‌డౌన్‌లో షాపులన్నీ మూతపడినప్పుడు చాలామందికి వాళ్ల జుట్టు సంగతి తెలిసొచ్చింది. కొందరు ఆ తర్వాత వచ్చి, పైన పొడవు అలాగే ఉంచమని పక్కలు మాత్రం చేయించుకుని, ఇప్పటికీ అదే కొనసాగిస్తున్నారు.

మధ్యలో మెడ వెనకా చెంపల దగ్గరా గరుగ్గా అనిపిస్తే దానికోసం మొత్తం కటింగ్ చేయించుకోకు. "మెడ, చెంపలు సరిచెయ్యండి" అంటే ఐదు నిమిషాల పని, తెలిసినవాళ్లయితే ఒక్కోసారి డబ్బులు కూడా తీసుకోరు. అలా చేయిస్తే ఇంకో పది రోజులు గడిచిపోతాయి. నువ్వు రోజూ హెల్మెట్ పెడతావు, మెడ మీద చెమట పడుతుంది. నున్నగా బ్లేడుతో గీకిస్తే అక్కడ పొక్కులు లేస్తాయి. మిషన్‌తోనే చేయమను. బ్లేడు వాడాల్సివస్తే కొత్తది నీ కళ్ల ముందు మార్చాలి, అడగడానికి మొహమాటపడకు. ఆఖర్న మెడ పట్టుకుని టక్కుమని తిప్పుతానంటే మాత్రం వద్దని గట్టిగా చెప్పు. మెడలో నరాలు, రక్తనాళాలు ఉంటాయి, అది మా పని కాదు.

ఇక వారం, వర్జ్యం సంగతి. మన వైపు మంగళవారం షాపులకు సెలవు. శుక్రవారం, అమావాస్య, పుట్టిన వారం వద్దని మీ నాయనమ్మ అంటుంది, ఆవిడ మాట కాదనాల్సిన అవసరమేం లేదు. ఇంకా మూడు నాలుగు రోజులు మిగులుతాయి కదా. ఆదివారం పొద్దున్న ఎక్కడైనా రద్దీయే, వెనక పదిమంది కూర్చుని ఉంటే ఏ చేతికైనా తొందర ఉంటుంది. నీ సెలవు బుధవారమో గురువారమో పడిన వారం చూసుకుని వెళ్లు.

కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటానన్నావు. 41 రోజులు కత్తెర తగలకూడదు, అంటే సెంటీమీటరున్నర పెరుగుతుంది. మాల వేసుకునే ముందు రోజు చేయించుకుంటే నలభై రోజులూ కలిసొస్తాయి. ఈ ఒక్కసారికి కొంచెం ఎక్కువే తగ్గించినా పర్వాలేదు. తిరుపతి వెళ్లి గుండు చేయించుకుంటే మాత్రం లెక్క వేరు. గుండు తర్వాత జుట్టంతా ఒకే పొడవున వస్తుంది, దాంతో నెలన్నరకి పక్కలు పైకంటే ఎక్కువగా ఉబ్బుతాయి. అప్పుడు పైన ముట్టుకోకుండా పక్కలు, మెడ మాత్రం తగ్గించుకోవాలి. నెలకోసారి అలా చేసుకుంటూ పోతే ఐదారు నెలలకి మళ్లీ మామూలు క్రాపు నిలుస్తుంది. ఓపిక పట్టలేక అంతా సమానంగా కోయించుకునేవాళ్లకి ఏడాదైనా క్రాపు కుదరదు.

గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని నీ రూమ్మేట్ అన్నాడట కదా, అది నమ్మకు. మనం కోసేది బయటున్న వెంట్రుక, దానికి ప్రాణం లేదు. పెరిగేది చర్మం లోపల కుదురు దగ్గర, అక్కడికి కత్తెర వెళ్లదు. కోసిన కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా, ఒత్తుగా తగులుతుంది, అంతే. రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. పెద్ద జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకి గుప్పెళ్లుగా రాలితే కంగారుపడకు, చాలామందికి మళ్లీ వచ్చేస్తుంది. అప్పటికీ ఆగకపోతే చర్మం డాక్టరుకి చూపించుకో. మాటిమాటికీ కటింగ్ చేయించుకుంటే రాలడం తగ్గదు.

మీ చెల్లి కూడా అడగమంది కదా. జడ పెంచుకునే పిల్ల చివర్లు చిట్లకుండా మూడు నెలలకోసారి ఒక సెంటీమీటరు తీయించుకుంటే చాలు. మూడు నెలల్లో మూడు సెంటీమీటర్లకు పైనే పెరుగుతుంది కాబట్టి పొడవు ఎక్కడికీ పోదు.

పెళ్లిచూపులకి వచ్చే ముందు రోజు మాత్రం కటింగ్ చేయించుకోవద్దు. చెవుల చుట్టూ, మెడ దగ్గరా జుట్టు తీసిన చోట చర్మం తెల్లగా గీతలా కనిపిస్తుంది. నాలుగైదు రోజులు పోతే అది కలిసిపోయి, జుట్టు కూడా కుదురుకుంటుంది. ఈసారి చూపులు ఆదివారం అంటున్నారు కాబట్టి బుధవారం పొద్దున్నే వెళ్లు, పక్కల నంబర్ 4 అని చెప్పు, అయ్యాక పక్క నుంచి ఒక ఫొటో తీసి నాకు పంపు. సరిచేయాల్సింది ఏమైనా ఉంటే నువ్వు శనివారం ఊరికి వచ్చాక నేను చూస్తాను.

ఇట్లు,
బాబాయ్