బండి షెడ్డులో ఉన్నా కిస్తీ ఆగదు

ప్రశ్న: హన్మకొండలో పార్సిల్ ట్రాన్స్‌పోర్టులో డ్రైవర్‌ను. వయసు 34, జీతం 24,000. సొంతంగా 17 అడుగుల కంటైనర్ డీసీఎం (మూసిన బాడీ ఉన్న మధ్యరకం లారీ) తీసుకుందామనుకుంటున్నా. అన్నీ కలిపి 21 లక్షలు. ఫైనాన్స్‌లో 17 లక్షలు ఇస్తామన్నారు, 12 శాతం వడ్డీ, 48 నెలలు. నా దగ్గర 2 లక్షలున్నాయి, ఇంకో 2 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తా. బావమరిది జమానతు ఉంటాడు. నెలకు 4,000 కిలోమీటర్లు తిరిగితే 1,30,000 కిరాయి వస్తుందంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ఈ లెక్క మీద వద్దు. బండి ఇంటి ముందుకు వచ్చిన రోజే చేతిలో పైసా లేకుండా చేసుకుంటున్నారు. నా దగ్గరికి వచ్చే బండి యజమానుల్లో ఎక్కువ మంది దెబ్బతిన్నది ఇక్కడే.

మీ అంకెలే తీసుకుందాం. కిస్తీ దాదాపు 44,800. బయటి అప్పు వడ్డీ 4,000. లీటరుకు 7 కిలోమీటర్లు వచ్చినా, 96 రూపాయల లెక్కన డీజిల్‌కు 55,000 పోతుంది. మిగిలేది 26,000. గూడూరు, కోమల్ల టోల్‌గేట్లు, హమాలీ, యాడ్‌బ్లూ (ఇంజిన్ పొగను శుభ్రం చేయడానికి పోసే ద్రవం), ఆరు టైర్ల అరుగుదల, ట్యాక్సు, ఫిట్‌నెస్ అన్నీ అందులోంచే. 2022 జూన్ నాటి రేట్ల ప్రకారం ఈ సైజు బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం ఒక్కటే ఏడాదికి 27,186. అంటే మొత్తం 19 లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని, ఇప్పుడొచ్చే జీతం కన్నా తక్కువకు స్టీరింగ్ పడతారు.

అదీ నెలంతా లోడు దొరికితేనే. ఏనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి చూసి ధైర్యపడకండి. ఆ బస్తాలు ఎత్తుగా పేర్చి తాడు బిగించే ఓపెన్ బాడీ లారీలకు వెళ్తాయి. కంటైనర్‌కు దొరికేది పార్సిళ్లు, ఇంటి సామాన్లు, కంపెనీ సరుకు. హైదరాబాద్‌లో దించాక రిటర్న్ లోడు లేకపోతే 145 కిలోమీటర్లు ఖాళీగా రావాలి.

మూడేళ్ల కింద ఒకాయన నా ముందు కూర్చుని ఫోన్ చూపించాడు. కిస్తీ బౌన్స్ అయిన మెసేజ్‌లు రెండు. జనగామ దగ్గర బండి గుద్దుకుంది, ఆయనకేం కాలేదు. ఇన్సూరెన్స్ ఉంది, రిపేరు బిల్లులో చాలావరకు వచ్చింది. కానీ ఇన్సూరెన్స్ సర్వేయర్ రావడం, క్యాబిన్ సామాను రావడం అయ్యేసరికి 47 రోజులు బండి షెడ్డులోనే ఉంది. ఆ రోజుల కిస్తీని మామూలు బండి పాలసీ కట్టదు. భార్య పుస్తెల తాడు బ్యాంకులో పెట్టి కట్టాడు. ఆయన తప్పల్లా ఆరు కిస్తీల డబ్బు పక్కన లేకపోవడమే. మీ దగ్గర ఒక్క కిస్తీకి కూడా ఉండదు.

అందుకే మీ దగ్గరున్న 2 లక్షలను మార్జిన్ (బండి ధరలో మీరు కట్టే వాటా) అనుకోకండి. వేరే ఖాతాలో వేసి ముట్టుకోకండి. ఆరు కిస్తీలు 2,70,000, ఒక నెల డీజిల్ 55,000, మొత్తం 3,25,000 చేయండి. డీజిల్ ఎందుకంటే బంకులో ఇవాళే కట్టాలి, సరుకు పంపిన పార్టీ నుంచి బిల్లు డబ్బు మాత్రం నెలా రెండు నెలలకు వస్తుంది. మార్జిన్ సంగతి ఆ తర్వాతే. రెండు మూడేళ్లు పడుతుందంటారు, పట్టనివ్వండి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఆ అప్పు తెచ్చి బండి కొనడం వ్యాపారం కాదు, బావమరిది ఇంటిని కూడా తాకట్టులో పెట్టడం.

అంత ఆగలేనంటే మొత్తం బరువు 3,000 కిలోలు దాటని పాత ట్రాలీ చూడండి, దానికి పర్మిట్ అక్కర్లేదు. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్ గురించి బ్యాంకులో అడగండి. ఏ బండి కొన్నా లోపలి సరుకుకు వేరే పాలసీ ఉండాలి, మీ పేరిట 50 లక్షల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) ఉండాలి. 1,30,000 కిరాయి ఇస్తామన్నవాళ్లను ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెడితే ఆ కాగితంతో మళ్లీ రాయండి, లెక్క కొత్తగా వేద్దాం.