యజమాని ముభావంగా ఉంటే చాలు, ఉద్యోగం పోతుందనిపిస్తోందా?

పై అధికారి పలకరించకపోతే చాలు, ఉద్యోగం పోతుందనే భయం రోజంతా వెంటాడుతోందనీ, ఇలాంటి ఆలోచనలను గుర్తించి అధిగమించడం ఎలాగనీ మీరు అడిగారు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాసే నాకు ఈ బాధ కొత్తది కాదు కనుక, నాకు పనికొచ్చిన పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

“అలా ఆలోచించకు, ధైర్యంగా ఉండు” అని ఇంటిల్లిపాదీ చెబుతారు. దాని వల్ల నాకు ఒరిగిందేమీ లేదు, ఎందుకంటే ఆ ఆలోచన మనం పిలిస్తే వచ్చేది కాదు. అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ 1960లలో కుంగుబాటుతో ఉన్నవారికి వైద్యం చేస్తూ గమనించింది ఇదే: జరిగిన సంఘటనకూ, కలిగిన దిగులుకూ నడుమ ఒక ఆలోచన దానంతటదే వచ్చిపోతుంది, దానిని మనం ఆలోచన అనుకోక, జరిగిన విషయంగానే నమ్మేస్తాం. దాన్ని పట్టుకుని ఆధారాలతో పరీక్షించడమే ఆయన రూపొందించిన చికిత్సలో ముఖ్యమైన పని.

పట్టుకోవడమే కష్టం. యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) పోటెత్తే మార్చి నెలలో ఒక ఉదయం మా యజమాని నా నమస్కారానికి బదులివ్వకుండా కాటా వైపు వెళ్లిపోయారు. ఆ క్షణంలో నాకు ఆలోచన ఏదీ కనబడలేదు. కడుపులో తిప్పింది, వేళ్లు చల్లబడ్డాయి, ఒకే పట్టీని (రైతుకిచ్చే లెక్క చీటీని) మళ్లీ మళ్లీ కూడుతున్నాను. ఒంట్లో ఇలాంటి మార్పు రాగానే, మనసులో ఏమనుకున్నానో డైరీలో ఉన్నదున్నట్లు రాయడం నాకు అలవాటు. ఆ రోజు రాసింది ఇది: “లెక్కలో ఏదో తేడా పట్టుకున్నారు, సీజను అయ్యాక తీసేస్తారు.” చూడండి, ఇందులో కళ్లారా చూసింది ఒక్క ముక్కయినా లేదు. మొదటి సగం ఎదుటివారి మనసు చదివేశాననుకోవడం, రెండవది రాబోయేది చెడేనని తేల్చేయడం. ఇలాంటి ధోరణులకు మనస్తత్వ శాస్త్రంలో చాలా పేర్లున్నాయి గానీ అవన్నీ కంఠస్థం చేయనవసరం లేదు. ఎవరికైనా పదే పదే వచ్చేవి ఒకటో రెండో ఉంటాయి.

తరువాత ఆ వాక్యానికి అనుకూలమైన ఆధారాలనూ, వ్యతిరేకమైనవాటినీ పక్కపక్కన రాయాలి. అనుకూలమైనవి దాచిపెడితే మనసు ఈ కసరత్తునే నమ్మదు. ఆ వారంలో ఆయన నా మీద ఒకసారి విసుక్కున్న మాట నిజమే. అయితే ముందు రోజు సాయంత్రం బీరువా తాళాలు నా చేతికే ఇచ్చి వెళ్లారు. ఆ ఉదయం హమాలీలను కూడా పలకరించలేదు. ధర పడిపోయిందని రైతులు కొట్టు ముందే నిలబడి ఉన్నారు. ఇవన్నీ చూశాక నేను రాసుకున్నది “ఆయనకు నేనంటే ఎంతో అభిమానం” అని కాదు, “ఎందుకు పలకలేదో తెలియదు, ధరల గొడవ కావచ్చు, కావాలంటే అడగవచ్చు” అని మాత్రమే. భయం పూర్తిగా పోలేదు, పని మాత్రం సాగింది. మధ్యాహ్నం అడిగితే, “లెక్కలకేమైందయ్యా, ముందా పట్టీలు కానియ్యి” అన్నారు. ఇలా అడగడం మంచి పరీక్షే కానీ, రోజూ అడిగి భరోసా తెచ్చుకోవడం మొదలుపెడితే అదే మరో జబ్బవుతుంది.

ఒక్కోసారి ఆధారాలన్నీ భయం వైపే ఉంటాయి. అప్పుడు దిద్దవలసింది ఆలోచనను కాదు, పరిస్థితిని. వేరే పని వెతుక్కోవడం కూడా అందులో భాగమే.

దిగులు రెండు వారాలు దాటినా, నిద్రాహారాలు దెబ్బతిన్నా, బతకాలనిపించకపోయినా డైరీ చాలదు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలి మానస్ వారు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లేటప్పుడు డైరీ వెంట తీసుకెళ్లండి, డాక్టరు అడిగేవాటిలో సగానికి జవాబులు అందులోనే ఉంటాయి.