కొత్త కారు, కోసిన వైరు: ఈ వారం టెక్ సందేహాలు

దసరా, దీపావళి వెళ్లగానే నాకొచ్చే మెయిళ్ల రంగు మారిపోతుంది. అంతకుముందు దాకా ఏ ఫోను కొనాలని అడిగినవాళ్లే డాష్‌బోర్డు ఫొటోలు పంపడం మొదలుపెడతారు. "సార్, ఈ పసుపు దీపం ఏమిటి?" అని. వీటిలో సగం ప్రశ్నలకు జవాబు గ్లవ్ బాక్సులో, కవరు కూడా విప్పని పుస్తకంలో ఉంటుంది. ఈ మాట నేనంటే మా ఇంట్లో నవ్వుతారు. నేను నా కారు పుస్తకం తెరిచింది బ్యాటరీ పడుకున్నాకే. ఆ కథ మొదటి ప్రశ్నలోనే చెబుతాను.

ప్రశ్న: కారు కొని ఇరవై రోజులైంది. బయట ఒక యాక్సెసరీస్ షాపులో డాష్‌క్యామ్ (దారిని రికార్డు చేసే కెమెరా) పెట్టించాను. పెళ్లికని ఊరెళ్లి అయిదు రోజుల తర్వాత వచ్చి చూస్తే కారు స్టార్ట్ కాలేదు. సర్వీస్ వాళ్లొచ్చి జంప్ స్టార్ట్ చేశారు గానీ, "బయట వైరింగ్ చేయించారు, ఇక వారంటీ రాదు" అంటున్నారు. కొత్త బ్యాటరీ అప్పుడే పోతుందా? (కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు)

పోలేదు, ఖాళీ అయింది. చిన్న లెక్క వేద్దాం. చిన్న కార్లలో బ్యాటరీ సుమారు 35 ఆంపియర్ అవర్లు ఉంటుంది. మీ డాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌లో పావు ఆంపియరే తీసుకుంటోందనుకోండి. రోజుకు 6, అయిదు రోజులకు 30. ఇవి కాక తాళాలు, అలారం, ఫోన్ యాప్‌తో మాట్లాడే సిమ్ పెట్టె... కారు తాళం వేశాక కూడా ఇవన్నీ కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంటాయి. సెల్ఫ్ కొట్టడానికి ఇంకేం మిగులుతుంది?

నాకూ ఇదే జరిగింది. షాపులో కుర్రాడు పైకప్పు లైటు వైరు కోసి, దానికి క్యామ్ వైరు మెలేసి, టేపు చుట్టాడు. "ఏం కాదన్నా, రోజూ పది బండ్లకు చేస్తా" అన్నాడు. పదో రోజు తెల్లవారుజామున అయిదింటికి రైల్వే స్టేషన్‌కి బయల్దేరితే కారులో టిక్ టిక్ మన్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆటోలో వెళ్లాం.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఇది. ముందు బ్యాటరీని చార్జర్‌తో పూర్తిగా నింపించండి. కొన్ని గంటలు వదిలేసి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12కి దిగిందంటే దాదాపు ఖాళీ అన్నట్టే. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఇలా అడుగంటా ఖాళీ చేసిన ప్రతిసారీ దాని ఆయుష్షు కొంత తగ్గుతుంది, కాబట్టి మళ్లీ జరగనివ్వకండి.

డాష్‌క్యామ్ ఎలా పెట్టుకోవాలంటే, అన్నిటికన్నా తేలిక 12 వోల్టుల సాకెట్లో గుచ్చడం. ఇంజన్ ఆపి తాళంచెవి తీసేశాక ఆ సాకెట్ ఆగిపోతుందో లేదో ముందు చూసుకోండి. కొన్ని కార్లలో ఆగదు. పార్క్ చేసినప్పుడు కూడా రికార్డు కావాలంటే హార్డ్‌వైర్ కిట్ తీసుకోండి. బ్యాటరీ వోల్టేజీ ఒక హద్దుకి దిగగానే అది క్యామ్‌ని ఆపేస్తుంది. ఆ హద్దు 12 కన్నా పైనే పెట్టండి. కనెక్షన్ మాత్రం ఫ్యూజ్ పెట్టెలో గుచ్చే ఫ్యూజ్ ట్యాప్‌తోనే ఇప్పించండి. రేపు వద్దనుకుంటే పీకేయొచ్చు, ఒక్క వైరు కూడా తెగదు.

వారంటీ సంగతి. కారు మొత్తం వారంటీ పోయిందని సర్వీస్ అడ్వైజర్ నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి. రాసివ్వమనండి, వారంటీ పుస్తకంలో ఏ షరతు కింద అంటున్నారో చూపించమనండి. సాధారణంగా వారంటీ ఎగరేసేది ఆ మార్పు వల్ల దెబ్బతిన్న భాగానికే. కానీ వైరు కోసి ఉంటే, ఏది దేనివల్ల పాడైందన్న వాదనలో మనం నెగ్గడం కష్టం. అందుకే ఆ టేపు ఉన్నచోట సర్వీస్ సెంటర్లోనే సరిచేయించి బిల్లు దాచుకోండి.

ఇంకో రెండు మాటలు. మే నెల ఎండలో అద్దం వెనక లిథియం బ్యాటరీ ఉన్న క్యామ్ ఉబ్బుతుంది, కెపాసిటర్ రకం కొనడం మేలు. మీ కారులో అడాస్ (కెమెరాతో దారిని చూస్తూ డ్రైవర్‌కి సాయపడే వ్యవస్థ) ఉంటే అద్దం మీద దాని కెమెరాకి అడ్డంగా మీ క్యామ్ అంటించకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో డెలివరీ తీసుకుని ఆదిలాబాద్ వచ్చాం. మూడో రోజు పొద్దున్నే టైరు గుర్తుతో పసుపు దీపం వెలిగింది. బంకుకి వెళ్లేసరికి ఆరిపోయింది. సెన్సర్ పాడైందా? (ఆదిలాబాద్ పాఠకురాలు)

సెన్సర్ సరిగ్గానే పనిచేస్తోందండీ. మీ ఊరి చలే కారణం. వాతావరణం పది డిగ్రీలు చల్లబడితే టైరులో గాలి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ తగ్గుతుంది. నాలుగు కిలోమీటర్లు నడిపితే టైరు వేడెక్కి మళ్లీ పెరుగుతుంది, దీపం ఆరుతుంది. అంటే గాలి హద్దు మీద ఉంది. డ్రైవర్ తలుపు తీస్తే పక్కనున్న స్టిక్కర్ మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. ఆ అంకె చల్లని టైరుకి. కాబట్టి పొద్దున్నే, ఇంటికి దగ్గరున్న బంకులో కొట్టించండి.

మీ కారులో ఏ రకం వ్యవస్థ ఉందో కూడా తెలుసుకోండి. స్క్రీన్ మీద ఒక్కో టైరుకి అంకె కనిపిస్తే లోపల సెన్సర్లున్నట్టు. ఉత్త దీపం మాత్రమే ఉంటే చాలావరకు అది లెక్కగట్టే రకం. గాలి తగ్గిన చక్రం కొంచెం చిన్నదై, మిగతావాటికన్నా ఎక్కువసార్లు తిరుగుతుంది. చక్రాల వేగాన్ని కొలిచే ఏబీఎస్ సెన్సర్లు ఆ తేడా పట్టుకుంటాయి. ఈ రకంలో గాలి కొట్టించిన ప్రతిసారీ రీసెట్ చేయాలి. తప్పు గాలితో రీసెట్ చేశారో, అదే సరైనదని కారు నేర్చుకుంటుంది! యార్డు నుంచి వచ్చే కొత్త కార్లలో గాలి ఎక్కువ నింపి ఉండటం మామూలే. డెలివరీ రోజు దాన్ని సరిచూడకుండా పూలదండ వేసి తాళం చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: నెలకు రెండుసార్లు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొస్తాను. ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకుందామంటే యాప్ ఒప్పుకోవడం లేదు. ట్యాగ్ షోరూమ్ వాళ్లే ఇచ్చారు. (ఎల్బీనగర్)

అక్కడే ఉంది చిక్కు. నంబరు రాకముందు షోరూమ్‌లో ఇచ్చే ట్యాగ్ ఛాసిస్ నంబరు మీద ఉంటుంది. అలాంటి ట్యాగ్‌కి పాస్ ఇవ్వరు. టీఆర్ (తాత్కాలిక నంబరు) పోయి పర్మనెంట్ నంబరు రాగానే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్‌లో ఆర్సీ అప్‌లోడ్ చేసి నంబరు చేర్పించండి. తర్వాత రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో మళ్లీ ప్రయత్నించండి.

మీకు గిట్టుబాటేనా అంటే, ఈ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడు టోల్‌గేట్లు. ప్రతి దాటడం ఒక ట్రిప్పు. వెళ్లొస్తే ఆరు, నెలకు పన్నెండు, ఏడాదికి 144. పాస్ హద్దు ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు. ఆ ధరకి మీకు గేటుకి 21 రూపాయలు కూడా పడదు, తప్పకుండా తీసుకోండి. కానీ ఇది జాతీయ రహదారుల పాస్. ఓఆర్ఆర్ మీద ఎప్పటిలాగే డబ్బు కట్ అవుతుంది, ట్యాగ్‌లో బ్యాలెన్స్ ఉంచుకోండి.

ప్రశ్న: కొత్త డీజిల్ కారు. ఇంటి నుంచి ఆఫీసు మూడు కిలోమీటర్లు. రెండు నెలలకే డీపీఎఫ్ దీపం వెలిగింది. (రాజమహేంద్రవరం)

నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి, మూడు కిలోమీటర్లకి డీజిల్ కొనకుండా ఉండాల్సింది. కొన్నాక మాత్రం వారానికోసారి హైవే ఎక్కించండి. డీపీఎఫ్ పొగలోని మసిని పట్టుకునే జల్లెడ. ఆ మసి కాలి బూడిద కావాలంటే పొగ బాగా వేడెక్కాలి. మూడు కిలోమీటర్లలో ఇంజనే సరిగ్గా వేడెక్కదు. దీపం వెలిగినప్పుడు అరవై పైన ఒకే వేగంతో ఇరవై నిమిషాలు నడపండి, చాలావరకు ఆరిపోతుంది. ఇంటి ముందు ఆగినప్పుడు ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ, ఐడిల్ (ఆగి ఉన్నప్పటి ఇంజన్ వేగం) పెరిగి ఉంటే లోపల మసి కాలుతున్నట్టు. అప్పుడు ఆపకుండా ఇంకో చుట్టు తిరిగి రండి. మధ్యలో ఆపేయడం అలవాటైతే కాలని డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. నెలకోసారి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి పెరిగిందంటే ఆ రోజే సర్వీసుకి.

ప్రశ్న: మొదటి ఫ్రీ సర్వీసుకి నాలుగు వేల ఎస్టిమేట్ ఇచ్చారు. ఫ్రీ అంటే ఏమిటి? (కరీంనగర్)

కూలి ఫ్రీ అని. చాలా కార్లకి వెయ్యి కిలోమీటర్ల సర్వీసు తనిఖీ మాత్రమే. మీ ఎస్టిమేట్‌లో ఇంజన్ కోటింగ్, ఏసీ శుద్ధి, టెఫ్లాన్ లాంటివి ఉంటే కొట్టేయమనండి. పుస్తకంలోని సర్వీసు పట్టిక ఫోన్‌లో ఫొటో తీసి పట్టుకెళ్లండి, దాన్లో లేనిది ఏదైనా "ఎందుకు?" అని అడగండి. నేను అడిగినప్పుడు బిల్లు సగమైంది.

ప్రశ్న: మీటర్ 100 చూపిస్తే ఫోన్‌లో మ్యాప్ 95 అంటోంది. ఏది నిజం? (నెల్లూరు)

ఫోన్‌దే దాదాపు నిజం. స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదని నిబంధన, అందుకే కంపెనీలు కాస్త ఎక్కువ చూపేలా పెడతాయి. అన్నట్టు, మీదీ కొత్త కారే అయితే మొదటి వెయ్యి కిలోమీటర్లలో వంద మీద ఎక్కువసేపు ఒకే వేగంతో నడపకండి.