నట్టు మర పోయింది, ఇంజిన్ పట్టేసింది: వర్క్‌షాపు మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అప్పు చేసి కొన్న లారీని నేనే నడుపుతూ రైస్ మిల్లుల నుంచి హైదరాబాద్‌కు బియ్యం తోలుతుంటాను. 22 నెలల కిందట నల్లగొండలోని ఒక వర్క్‌షాపులో ఇంజిన్ ఆయిల్ మార్పించాను. ఫోన్‌పేలో 7,800 రూపాయలు పంపాను, బిల్లు తీసుకోలేదు. మూడో రోజుకే ఇంజిన్ అడుగున నూనె నిలిచే చాంబర్ నట్టు దగ్గర నూనె కారడం మొదలైంది. వెనక్కి తీసుకువెళితే స్పానర్‌కు పైపు తొడిగి బిగించి పంపారు. ఇంకా చెమ్మగా ఉందని ఆ రాత్రి వాట్సాప్‌లో వీడియో పెడితే, ‘టేపు చుట్టాను కదా, ఇక కారదు, నడుపుకో’ అని యజమాని విసుగ్గా వాయిస్ మెసేజ్ పంపాడు. మర్నాడు లోడుతో వెళ్తుంటే చిట్యాల దాటాక ఆయిల్ ఎర్ర లైటు వెలిగింది. నాలుగు కిలోమీటర్ల దూరంలోని దాబా చేరేసరికి ఇంజిన్ పట్టేసింది. బాగు చేయించడానికి 2,35,000 రూపాయలు అయింది. 28 రోజులు బండి నిలిచింది, మూడు కిస్తులు తప్పాయి, నా భార్య పుస్తెలతాడు కుదువ పెట్టాం. ఎన్నిసార్లు అడిగినా ఆయన ‘చూద్దాం’ అంటున్నాడు. పాత చాంబర్ నట్టుతో సహా మా పశువుల కొట్టంలో ఉంది, అందులో కోడి గుడ్లు పెడుతోంది. దానికి సుత్తితో ఒక సొట్ట పెట్టి, రాయి తగిలిందని ఇన్సూరెన్స్ అడగమని ఒక మిత్రుడు సలహా ఇస్తున్నాడు. నాకు 15 లక్షల పరిహారం వస్తుందా? (ఉత్తరాన్ని కుదించాం.)

జవాబు: ముందు ఆ కోడికి వేరే గంప చూడండి. మీ అసలు ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు కిస్తుల గురించి, పుస్తెలతాడు గురించి, ఆ యజమాని మిమ్మల్ని ఎంత చులకనగా చూశాడన్న దాని గురించి ఉన్నాయి. కేసును నిలబెట్టే సంగతులు మాత్రం రెండే, ఆ రెండింటినీ మీరు మాటవరసకు రాసి వదిలేశారు. ఒకటి కొట్టంలో పడి ఉన్న చాంబర్. రెండోది మీకు అవమానంగా తోచిన ఆ వాయిస్ మెసేజ్.

ఈ వ్యవహారంలో తేలవలసింది ఒక్కటే: నట్టు మర, అంటే దాన్ని పట్టి ఉంచే చుట్ల గాడి, పోయిందని తెలిసి కూడా వర్క్‌షాపు మీ బండిని రోడ్డు మీదికి పంపిందా? ఇంజిన్ ఖర్చు, నిలిచిన రోజులు, తప్పిన కిస్తులు అన్నీ దాని తర్వాతి లెక్కలు.

చాంబర్ నట్టు దగ్గర నూనెను ఆపేది మర కాదు, నట్టు తల కింద ఉండే వాషర్. మర ఆ వాషర్‌ను చాంబర్‌కు గట్టిగా అదిమి ఉంచుతుంది. మర పోయాక వాషర్‌కు ఆ పట్టు ఉండదు. అప్పుడు టేపు ఎన్ని చుట్లు చుట్టినా నూనె దారి వెతుక్కుంటూనే ఉంటుంది, బండి అదురుకు నట్టు వదులవుతూ పోతుంది. మీ చాంబర్ అల్యూమినియందని రాశారు. నట్టు ఉక్కుది. పైపు తొడిగి బలంగా తిప్పితే ఓడిపోయేది అల్యూమినియమే. మర కొద్దిగా పోతే కొత్త మర కోసి లోపల ఉక్కు చుట్ట దించుతారు, మెకానిక్‌లు దాన్ని హెలికాయిల్ అంటారు. అది కూడా పట్టని స్థితి అయితే చాంబర్ మార్చాలి. ఈ రెండూ చేయకుండా టేపు చుట్టాడంటే, అక్కడ మర పట్టడం లేదని అతని చేతికి తెలిసినట్టే. ‘టేపు చుట్టాను కదా’ అన్న మాటతో ఆ సంగతి తన నోటితోనే ఒప్పుకున్నాడు. ‘నడుపుకో’ అన్న మాటతో బండి రోడ్డెక్కడానికి భరోసా కూడా ఇచ్చాడు. విసుగ్గా మాట్లాడాడని మీరు బాధపడుతున్నారు గానీ, మర్యాదగా ఫోన్ చేసి చెప్పి ఉంటే ఈ రోజు మీ చేతిలో ఏమీ ఉండేది కాదు.

ఆ చాంబర్‌ను కడగకండి. డీజిల్‌తో తుడిచి శుభ్రంగా తెస్తే మెచ్చుకుంటానని అనుకోకండి. నట్టును విప్పకండి. దాని మరల మధ్య ఇరుక్కున్న అల్యూమినియం పొట్టు, నలిగిన తెల్లటి టేపు ముక్కలు మీ సాక్షులు. ఊళ్లో నమ్మకమైన ఇద్దరిని పిలిచి, పక్కన స్కేలు పెట్టి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయించండి. గుడ్డ సంచిలో పెట్టి, మూతి కుట్టి, లక్కతో సీలు వేసి, తేదీతో ఒక కాగితం రాసి ఇద్దరి చేత సంతకాలు పెట్టించండి. ఇన్నాళ్లూ కొట్టంలో పడి ఉంది కాబట్టి ‘టేపు వాళ్లే చుట్టి ఉంటారు’ అని ఎదుటి వకీలు తప్పక అంటాడు. టేపు సంగతి యజమాని గొంతులోనే ఉంది కాబట్టి ఆ వాదనకు జవాబు మీ దగ్గర ఉంది. నట్టు విప్పి చూడటం నిపుణుడి పని. లైసెన్సు ఉన్న వాహన సర్వేయర్ చేతనో, మెకానికల్ ఇంజినీరు చేతనో సాక్షుల ఎదుట విప్పించి నివేదిక తీసుకోండి. కొత్త చాంబర్ వేసిన మెకానిక్ దగ్గర అఫిడవిట్ కూడా తీసుకోండి. ఇంజిన్ విప్పినప్పుడు బేరింగులు ఏ స్థితిలో ఉన్నాయో చూసిన మనిషి అతనే.

మెసేజ్ వచ్చిన ఫోను మార్చకండి, అమ్మకండి, వాట్సాప్ తీసేసి మళ్లీ వేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతపరచాలి. వినియోగదారుల కమిషన్ సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పట్టుకోదని కొందరు తేలిగ్గా తీసుకుంటారు. మీరు తీసుకోకండి. మీరు పెట్టిన వీడియో, ఫోన్‌పే చెల్లింపు కూడా అదే పద్ధతిలో దాఖలు చేయాలి. చెల్లింపు ఎవరి ఖాతాలో పడిందో ఒకసారి చూసుకోండి. గోడ మీది క్యూఆర్ కోడు ఒక్కోసారి యజమానిది కాక తమ్ముడిదో, భార్యదో అవుతుంది. తప్పు పేరు మీద నోటీసు పంపితే ఉన్న కాస్త సమయమూ పోతుంది.

‘బండి వచ్చేటప్పటికే మర అరిగి ఉంది’ అన్నది ఎదుటివారి మొదటి వాదన. సేవాలోపాన్ని మొదట రుజువు చేయవలసింది ఫిర్యాదుదారే అని 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఈ వాదన చిన్నది కాదు. అయినా, అరిగి ఉంటే ఆ మాట అప్పుడే మీకు చెప్పాలి, కాగితం మీద రాయాలి. చెప్పకుండా టేపు చుట్టడం కూడా లోపమే. మర ఎవరి చేతిలో పోయిందన్నది తేలకపోయినా, పోయిన మర మీద బండిని పంపింది ఎవరో తేలుతుంది.

ఇక మిమ్మల్ని కోప్పడాల్సిన చోటికి వచ్చాం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. అందులో 22 నెలలు మీరు ‘చూద్దాం’ అన్న మాట మీద గడిపేశారు. నోటి హామీలతో గడువు పెరగదు. మీరు పంపే లీగల్ నోటీసుతోనూ పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా దానికి తగిన కారణం చూపాలి, మొహమాటం ఆ కారణాల్లోకి రాదు. లోను కాగితాలను ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకుంటారు, పని చేయించుకున్నచోట ఒక చిన్న బిల్లు అడగడానికి సిగ్గుపడతారు! గడువును ఇంజిన్ పట్టేసిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు. ఆ వాదన అవసరం రాకుండా మొదటిసారి ఆయిల్ మార్చిన తేదీ నుంచే లెక్క వేసుకుని ఫిర్యాదు వేయండి.

మీ మిత్రుడి సలహా విన్న రోజున కేసు మీ చేతులారా పోగొట్టుకున్నట్టే. ఆ సుత్తి దెబ్బ పడేది మీకున్న ఏకైక భౌతిక సాక్ష్యం మీద. రాయి తగిలిందని క్లెయిము ఫారంలో సంతకం పెట్టాక, మర పోయిందని కమిషన్‌లో ఏ నోటితో చెబుతారు? ఆ ఫారాన్నే ఎదుటివారు తెప్పించి మీ ముందు పెడతారు. ఇన్నాళ్ల తర్వాత, ఇంజిన్ బాగు చేయించేశాక వచ్చిన క్లెయిమును బీమా కంపెనీ నమ్మదు, నమ్మించబోతే మోసం కింద మీ మీదే కేసు పెట్టవచ్చు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318లో దానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. నిజం చెప్పి అడిగినా లాభం లేదు. మామూలు మోటారు పాలసీలో యాంత్రిక వైఫల్యానికి పరిహారం ఉండదు.

లారీ వ్యాపారానికి వాడేది కదా, మీరు వినియోగదారు ఎలా అవుతారన్నది రెండో అడ్డంకి. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, లారీ కొని తానే నడుపుకునే మనిషి వినియోగదారే అని ఉదాహరణగా చెప్పింది. సాయానికి క్లీనర్ ఉన్నంత మాత్రాన ఆ హోదా పోదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. స్వయం ఉపాధి మినహాయింపు పాత చట్టంలో వస్తువులతో పాటు సేవలకూ ఉండేది, 2019 చట్టంలోని వివరణ వస్తువులనే ప్రస్తావించింది. చదువుకున్న వకీలు ఎదురైతే దీన్ని పట్టుకుంటాడు. అందుకే మీ డ్రైవింగ్ లైసెన్సు, పర్మిట్, మిల్లుల లోడింగ్ చీటీల్లో డ్రైవరుగా మీ పేరు, ఒక్కటే లారీ అన్న రుజువు అన్నీ మొదటి రోజే దాఖలు చేయాలి. ఒకవేళ కమిషన్ కాదంటే సివిల్ కోర్టు ఉంది, అక్కడ గడువు మూడేళ్లు. మంచి విశ్వాసంతో పరిధి లేని వేదికలో గడిపిన కాలాన్ని లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద మినహాయించమని అడగవచ్చు.

15 లక్షల మాట మరిచిపోండి. చాంబర్, ఇంజిన్ రిపేరు, నూనె, బండిని లాగించిన ఖర్చు అడగండి. 28 రోజుల ఆదాయాన్ని దానికి ముందు మూడు నెలల మిల్లు చీటీలతో చూపించండి. కిస్తులు తప్పినందుకు పడిన జరిమానా దూరపు నష్టం, అంటే వర్క్‌షాపు తప్పు నుంచి నేరుగా రానిది, అది దక్కుతుందన్న ఆశ నాకు లేదు. ఎర్ర లైటు వెలిగాక నడిపిన నాలుగు కిలోమీటర్లు మాత్రం మీ ఖాతాలోనే పడతాయి. నూనె ఒత్తిడి పడిపోయాక అక్కడే ఇంజిన్ ఆపి ఉంటే బేరింగులు మిగిలేవేమో అని ఎదుటివారు అడుగుతారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. నష్టాన్ని తగ్గించుకునే మార్గం ఉన్నా వాడుకోకపోతే ఆ మేరకు తగ్గిస్తారని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 చెబుతోంది. ఈ సంగతి దాచకుండా ఫిర్యాదులో మీరే రాయండి. రోడ్డు పక్కన లోడు బండి ఆపడానికి చోటు లేకపోతే అదీ రాయండి, అది నిజమైతేనే.

ఈ వారమే 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు కోసం 16వ రోజు దాటి ఆగవద్దు. మీ ఊరైనా, వర్క్‌షాపైనా నల్లగొండ జిల్లా కమిషన్ పరిధిలోనే ఉన్నాయి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ వేయవచ్చు. పరిధినీ రుసుమునూ నిర్ణయించేది మీరు చెల్లించిన సొమ్ము, అది ఐదు లక్షల లోపే కాబట్టి రుసుము ఉండదు. సీలు వేసిన సంచి మాత్రం ఎవరికీ ఇవ్వకండి. రాజీకి పిలిచి ‘ఒకసారి చాంబర్ చూపించు’ అని ఆ యజమాని అడిగినా, ఫొటోలే చూపించండి.