షంట్ మూయించే ముందు: మేనకోడలికి మామయ్య ఉత్తరం

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. బావ సి.టి. రిపోర్టు, రక్తపరీక్షలు, మూడు డిశ్చార్జి సమ్మరీలు అన్నీ చదివాను. "పొట్టలో రక్తం అడ్డదారి పట్టిందట కదా, ఆ దారి మూసేస్తే నాన్న మామూలు మనిషవుతాడా?" అని అడిగావు. అవ్వొచ్చు. బావ విషయంలో ఆ ఆశకి గట్టి ఆధారమే ఉంది. కానీ మూసే ముందు ఇంట్లో సరిదిద్దాల్సినవి కొన్ని ఉన్నాయి, మూశాక వచ్చే కొత్త కష్టాలూ ఉన్నాయి. రెండూ తెలుసుకున్నాకే ఆస్పత్రి కాగితాల మీద సంతకం పెట్టు.

పేగుల నుంచీ ప్లీహం నుంచీ వచ్చే రక్తమంతా పోర్టల్ సిర గుండా కాలేయానికి చేరాలి. కాలేయానికి అందే రక్తంలో దాదాపు ముప్పావు వంతు ఇదే. సిర్రోసిస్‌లో కాలేయం మచ్చలు కట్టి గట్టిపడటం వల్ల ఆ రక్తం లోపలికి సాఫీగా వెళ్లదు, వెనక ఒత్తిడి పెరుగుతుంది. కాలేయానికి ఇవతలి సిరకీ అవతలి సిరకీ మధ్య ఒత్తిడి తేడా మామూలుగా 5 మి.మీ. పాదరసం లోపే. 10కి చేరితే అన్నవాహికలో సిరలు ఉబ్బడం, పొట్టలో నీరు చేరడం మొదలవుతాయి. 12 దాటితే ఆ సిరలు చిట్లే భయం ఉంటుంది. తూము పూడుకుపోయినప్పుడు నీళ్లు గట్టు తెంచుకుని పక్క బోదెల్లోకి మళ్లినట్టు, రక్తం కూడా ఎప్పటివో సన్నటి సిరల్ని వెడల్పు చేసుకుని కాలేయాన్ని తప్పించుకుపోతుంది. బావకి ప్లీహం సిర నుంచి ఎడమ కిడ్నీ సిరలోకి అలాంటి దారి పడింది. రిపోర్టులో లీనోరీనల్ షంట్ (షంట్ అంటే అడ్డదారి), 14 మి.మీ. అని రాసింది దాని గురించే. 8 మి.మీ. దాటితేనే పెద్ద షంట్ కింద లెక్క.

పేగుల్లో పుట్టే అమ్మోనియాని కాలేయం యూరియాగా మార్చాలి. షంట్‌లో పడిన రక్తం కాలేయాన్ని తాకకుండానే గుండెకి, అక్కణ్నుంచి మెదడుకి పోతుంది. బావ పగలు తూగడం, రాత్రంతా మేలుకోవడం, మాట మధ్యలో మర్చిపోవడం అందువల్లే. ఇక్కడ ఒక సంగతి గమనించు. బావ బిలిరుబిన్ (కామెర్ల లెక్క) 1.4, ఐ.ఎన్.ఆర్. (రక్తం గడ్డకట్టే లెక్క) 1.2, క్రియాటినిన్ (కిడ్నీల లెక్క) 0.9. వీటితో కట్టే మెల్డ్ స్కోరు (కాలేయం ఎంత దెబ్బతిందో చెప్పే అంకె, ఎక్కువైతే చెడ్డ) 10 వస్తుంది. కాలేయంలో ఇంకా సత్తువ ఉంది. ఇంత నయంగా ఉన్న మనిషి ఆరు నెలల్లో మూడుసార్లు మగతతో అడ్మిట్ అయితే షంట్ ఉందేమోనని వెతకాల్సిందే. సి.టి. రాసిన డాక్టరుగారు సరిగ్గానే ఆలోచించారు.

అయితే షంట్ రోజూ ఉంటోంది, మగత మాత్రం రోజూ రావడం లేదు కదా. ప్రతిసారీ వేరే ఏదో తోడైంది. సమ్మరీలు మళ్లీ చదువు. మొదటిసారి నాలుగు రోజులు మోషన్ లేదు. రెండోసారి లాసిలాక్టోన్ అనే నీటి మాత్ర డోసు పెంచిన తర్వాత సోడియం 126కి, పొటాషియం 2.9కి పడిపోయాయి. పొటాషియం తగ్గితే కిడ్నీలు అమ్మోనియాని ఇంకా ఎక్కువ తయారుచేస్తాయి. మూడోసారి నిద్ర పట్టడం లేదని మందుల షాపులో అడిగి తెచ్చిన ఆల్ప్రజోలం. ఈ మూడూ ఆపగలిగినవే. ఇవి కాక చూసుకోవాల్సినవి జ్వరం లేదా ఇన్ఫెక్షన్, కడుపులో రక్తస్రావం, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గడం.

ల్యాక్టులోజ్ సిరప్ గురించి గట్టిగా చెప్తున్నా. "రోజుకి రెండు చెంచాలు" అనే లెక్క దీనికి పనికిరాదు. సీసా మూత మీదున్న కొలతతో 25 లేదా 30 మి.లీ. పొద్దునా రాత్రీ ఇవ్వు. మన లక్ష్యం రోజుకి రెండు మూడు మెత్తటి మోషన్లు. మధ్యాహ్నం దాకా ఒక్కటీ రాకపోతే ఇంకో 25 మి.లీ. ఇవ్వు. నీళ్లలా నాలుగైదు సార్లు పోతే తర్వాతి డోసు ఆపి, మర్నాడు సగం చెయ్యి. ఎక్కువైతే మేలేగా అనుకుని పోస్తూ పోతే ఒంట్లో నీరూ పొటాషియమూ పడిపోయి, మందువల్లే మగత వస్తుంది. మొదటి వారం గ్యాసు, కడుపుబ్బరం ఉంటాయి, తర్వాత సర్దుకుంటాయి. తీపి మరీ ఎక్కువనిపిస్తే నీళ్లలో కలిపి ఇవ్వు. బావకి షుగర్ ఉంది కదా అని అక్క భయపడి ఆపేస్తున్నట్టుంది. ఆ తీపి పేగుల్లోంచి రక్తంలోకి దాదాపుగా ఎక్కదని తనకి చెప్పు. ఇసబ్‌గోల్ దీనికి బదులు కాదు, ల్యాక్టులోజ్ పేగుల్లో ఆమ్లగుణం పెంచి అమ్మోనియాని అక్కడే పట్టి ఉంచుతుంది. రిఫాక్సిమిన్ (పేగుల్లో పనిచేసే యాంటీబయాటిక్) 550 మి.గ్రా. రోజుకి రెండుసార్లు రాశారు, బాగుంది. ఖరీదని మధ్యలో మానకండి. రెండూ కలిపి వాడితేనే మళ్లీ అడ్మిట్ అయ్యే అవసరం తగ్గుతుంది.

మగత ముదిరాక గుర్తుపట్టడం ఎవరికైనా తేలికే. మొదట్లోనే పట్టుకోవాలి. రోజూ పొద్దున బావ చేత రెండు చేతులూ ముందుకి చాపించు. మణికట్లు పైకి వంచి, వేళ్లు విడదీసి, కళ్లు మూసుకుని అర నిమిషం అలా ఉంచమను. అరచేతులు ఉండుండి ఒక్కసారిగా కిందికి జారి మళ్లీ పైకి లేస్తుంటే మగత మొదలైనట్టే. చేతులు సన్నగా వణకడం వేరు, దాంతో పొరబడకు. ఒక నోటుబుక్కులో తేదీ వేసి రోజూ ఒక సంతకం పెట్టించు, పాత సంతకాలతో పోల్చుకుంటే తేడా నీకే కనిపిస్తుంది. ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలడో లెక్కపెట్టు. బాగున్న రోజున పదిహేను చెప్పే మనిషి పదిలోపే ఆగిపోతే డాక్టరుకి ఫోన్ చెయ్యి. అదే పుస్తకంలో పొద్దుటి బరువు, మోషన్ల లెక్క, రాత్రి నిద్ర కూడా రాయి. నీటి మాత్రల మీద రోజుకి అర కిలో మించి తగ్గుతుంటే (కాళ్ల వాపు కూడా ఉంటే ఒక కిలో దాకా ఫర్వాలేదు) డోసు ఎక్కువైందని అర్థం.

అమ్మోనియా పరీక్ష పదేపదే చేయించొద్దు. రక్తం తీసిన వెంటనే ఐసులో పెట్టి ల్యాబుకి పంపకపోతే ఆ అంకె తప్పుగా పెరుగుతుంది. మనిషి ఎలా ఉన్నాడన్నదే చూడాలి. మగత ఉండి అమ్మోనియా మామూలుగా వస్తే మాత్రం వేరే కారణం వెతకమని అడుగు: షుగర్ పడిపోవడం, ఇన్ఫెక్షన్, తలకి దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టడం. ప్లేట్‌లెట్లు తక్కువున్న మనిషి బాత్రూములో జారిపడితే పైకి దెబ్బ కనపడకపోయినా మెదడు సి.టి. తీయించాలి.

తిండి సంగతికొస్తే, పప్పు, పాలు, గుడ్డు మాన్పించారని రాశావు. వెంటనే మళ్లీ మొదలుపెట్టండి. ప్రొటీన్ తగ్గిస్తే మగత తగ్గుతుందనేది పాత పద్ధతి, అది తప్పని తేలిపోయింది. కాలేయం చేయలేని అమ్మోనియా పనిని కొంతవరకు కండరాలు చేస్తాయి. కండ కరిగితే ఆ ఆసరా కూడా పోతుంది. 60 కిలోల మనిషికి రోజుకి 72 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి. అర లీటరు పాలు, ఒక పెద్ద గిన్నె పెరుగు, 60 గ్రాముల కందిపప్పో పెసరపప్పో, మూడు గుడ్ల తెల్లసొన, 25 గ్రాముల సోయా ముక్కలు, పొద్దున మూడు ఇడ్లీలు, రెండు పూటలా కలిపి 200 గ్రాముల బియ్యం అన్నం. ఇంతా కలిపితే సుమారు 80 గ్రాములు అవుతుంది. పగలు మూడు నాలుగు గంటలకి మించి ఖాళీ కడుపుతో ఉంచొద్దు. పడుకోబోయే ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు, గ్లాసు పాలు తప్పకుండా ఇవ్వండి. రాత్రంతా పస్తుంటే తెల్లారేసరికి ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. షుగర్ మందు డోసు ఈ తిండికి తగ్గట్టు డాక్టరు చేత సరిచేయించు. ఉప్పు రోజంతటికీ ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు. ఆవకాయ, అప్పడం, ఎండుచేప ఇంట్లో కనపడకూడదు. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మే ప్యాకెట్లు వద్దే వద్దు, వాటిలో ఉండే పొటాషియం లాసిలాక్టోన్‌లోని స్పైరనోలాక్టోన్‌తో కలిస్తే గుండెకి ప్రమాదం.

నొప్పికి పారాసిటమాల్ రోజుకి 2 గ్రాములలోపు వాడొచ్చు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. నిద్రమాత్ర, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, ట్రమడాల్ ఇవ్వొద్దు. తిప్పతీగ కషాయం ఎవరో తెచ్చిచ్చారన్నావు, పారబోయి. దానివల్ల కాలేయం దెబ్బతిన్న రోగుల గురించి ముంబై వైద్యులు 2021లోనే రాశారు. బావ బండి నడపకూడదు. బ్యాంకు కాగితాలు, ఫోనులో వచ్చే ఓ.టి.పి.లు మీ చేతిలో ఉండాలి. మగతలో ఉన్నా మనిషి పైకి మామూలుగానే మాట్లాడతాడు.

ఎప్పుడు పరుగెత్తాలో ఇంట్లో అందరికీ తెలియాలి. రక్తపు వాంతి, నల్లగా జిగటగా మోషన్, 38 డిగ్రీలు దాటిన జ్వరం, లేపినా సరిగ్గా లేవకపోవడం. వీటిలో ఏది వచ్చినా 108కి ఫోన్ చెయ్యి. మగతలో ఉన్న మనిషి నోట్లో సిరప్ గానీ నీళ్లు గానీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, గ్లూకోమీటర్‌తో షుగర్ చూడు. అక్కడికెళ్లాక ల్యాక్టులోజ్ ఎనిమాగా ఇస్తారు, 300 మి.లీ. సిరప్‌ని 700 మి.లీ. నీళ్లలో కలిపి. రక్తస్రావమైతే టెర్లిప్రెసిన్‌లాంటి మందు, యాంటీబయాటిక్ మొదలుపెట్టి 12 గంటల్లోపు ఎండోస్కోపీ చేయాలి. ఆ సౌకర్యం ఉన్న ఆస్పత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని పెట్టుకో.

రక్తం ఇలా కాలేయాన్ని తప్పించుకుపోతే ఊపిరితిత్తులకీ చేటే. కాలేయం శుభ్రం చేయాల్సిన పదార్థాలు నేరుగా వెళ్లడంతో అక్కడి సన్న నాళాలు వెడల్పై, రక్తం ఆక్సిజన్ సరిగ్గా పట్టకుండానే దాటిపోతుంది. నెలకోసారి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి, పడుకుని ఐదు నిమిషాలకి ఒకసారి, నిలబడి ఐదు నిమిషాలకి ఒకసారి చూడు. 96 కంటే తక్కువున్నా, నిలబడ్డాక నాలుగైదు అంకెలు పడినా బబుల్ ఎకో (సన్న బుడగలున్న సెలైన్ ఎక్కించి చేసే గుండె స్కాన్) చేయించమను.

ఇక నీ అసలు ప్రశ్న. పైన చెప్పినవన్నీ నెల, నెలన్నర కచ్చితంగా చేశాక కూడా మగత మళ్లీ వస్తే షంట్ మూయించడం సబబు. మెల్డ్ 11 లోపు ఉన్నవాళ్లకే ఇది బాగా పనిచేస్తుంది, బావది 10. కామెర్లు ముదిరి, పొట్ట నిండా నీళ్లున్న వాళ్లకి మూస్తే కాలేయం ఆ రక్తాన్ని మోయలేక కుప్పకూలుతుంది. చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. మెడ దగ్గరో తొడ దగ్గరో సిరలోంచి సన్నటి గొట్టం పంపి, ఎడమ కిడ్నీ సిర మీదుగా షంట్‌లోకి వెళ్లి, బెలూన్‌తోనో లోహపు ప్లగ్‌తోనో అడ్డుకట్ట వేసి, వెనక భాగాన్ని మందుతోనో జెల్‌ఫోమ్ అనే స్పాంజిలాంటి పదార్థంతోనో గడ్డకట్టిస్తారు. రెండు మూడు రోజులు జ్వరం, నడుము నొప్పి ఉండొచ్చు.

ఒప్పుకునే ముందు నాలుగు విషయాలు అడుగు. పోర్టల్ సిర తెరిచే ఉందా? అది గడ్డకట్టి ఉంటే రక్తం బయటపడటానికి ఉన్న దారి షంట్ ఒక్కటే, దాన్ని మూయకూడదు. ఇంకా వేరే షంట్లు ఉన్నాయా? ఉంటే ఒకటి మూశాక రెండోది లావెక్కుతుంది. ఎండోస్కోపీ ఈ మధ్య చేశారా? షంట్ మూయగానే పోర్టల్ ఒత్తిడి పెరుగుతుంది, అన్నవాహికలో పెద్ద సిరలుంటే ముందే బ్యాండింగ్ (ఆ సిరలకి రబ్బరు బ్యాండ్లు బిగించడం) అయిపోవాలి. తర్వాత చూడటం ఎవరి బాధ్యత? నెల, నెలన్నరలోపు మళ్లీ ఎండోస్కోపీ, షంట్ పూర్తిగా మూసుకుందో, పోర్టల్ సిర గడ్డకట్టలేదు కదా అని చూసే సి.టి. ఉండాలి. పొట్టలో నీరు పెరగొచ్చు కాబట్టి బరువు పుస్తకం ఆపకు. పోర్టల్ ఒత్తిడి తగ్గించే కార్వెడిలాల్ మాత్ర కొనసాగించాలి, పై బి.పి. 90 కంటే తగ్గితే మాత్రం డాక్టరుకి చెప్పాకే తర్వాతి డోసు.

ఎవరైనా టిప్స్ అనే స్టెంటు మాట ఎత్తితే బావకి మగత చరిత్ర ఉందని ముందే చెప్పు. ఒత్తిడి తగ్గించడానికి మనిషి చేత్తో పెట్టే షంటే అది, రక్తస్రావానికి మంచిదైనా మగతని పెంచుతుంది. కాలేయ మార్పిడి అంచనా కూడా పక్కన మొదలుపెట్టండి. మెల్డ్ అంకెలో మగత లెక్కకి రాదు, కాబట్టి పది దగ్గరే ఉందని ఊరుకోవద్దు. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు ఆస్పత్రి ద్వారానే నమోదవుతుంది. సర్జనుకి ఈ షంట్ సంగతి తప్పక తెలియాలి, దాన్ని అలాగే వదిలేస్తే కొత్త కాలేయానికి వెళ్లాల్సిన రక్తాన్ని కూడా అదే లాగేసుకుంటుంది.

సి.టి. రిపోర్టు కాగితంలో పోర్టల్ సిర గురించి ఒక్క ముక్కా లేదు. సెంటరులో అడిగి పూర్తి బొమ్మలున్న సీడీ తీసుకుని, కిందటి ఎండోస్కోపీ కాగితంతో కలిపి కొరియర్ చెయ్యి. ఈలోగా సోడియం, పొటాషియం పరీక్ష ఈ వారమే చేయించు.

ఆశీస్సులతో,
మామయ్య