మధ్యాహ్నం కంచం పెట్టేదెవరు?

అమ్మాయ్, కాన్పయ్యాక మనసు కుంగిపోకుండా ఏ మాత్రలు వేసుకోవాలి, చేపనూనె పనిచేస్తుందా అని అడిగావు. మాత్రల సంగతి మీ డాక్టరు చూసుకుంటారు. నాకొకటి చెప్పు, మీ ఆయన ఆఫీసుకు వెళ్ళాక మధ్యాహ్నం నీకు కంచం పెట్టేదెవరు?

పరాయి దేశంలో నా కాన్పప్పుడు నాకైతే ఎవరూ లేరు. పక్కింటివాళ్ళ పేరు కూడా తెలీదు. ఒక చేత్తో పిల్లాడు, ఇంకో చేత్తో బిస్కెట్లు, టీ. అదే నా భోజనం. పాలిచ్చే తల్లికి మామూలుకంటే రోజుకు 330 నుంచి 400 కేలరీలు ఎక్కువ కావాలంటారు. నేను మామూలు తిండే సరిగా తినలేదు. సాయంత్రానికి కళ్ళు తిరిగేవి, ఊరికే ఏడుపొచ్చేది. ఫోన్లో అమ్మ "తిన్నావా" అంటే "ఆఁ, తిన్నా" అనేదాన్ని. చివరికి పరీక్ష చేస్తే ఒంట్లో రక్తం లేదని తేలింది. రక్తహీనత నీరసం, చిరాకు తెస్తుంది, అచ్చం డిప్రెషన్ లాగే ఉంటుంది. ఐరన్ మాత్ర ఇచ్చారు, దాన్నీ టీతోనే మింగాను! టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదని, నారింజ లాంటి పుల్లటి పండుతో వేసుకుంటే బాగా పడుతుందని ఒక నర్సు చెప్పేదాకా తెలీదు. మీకు అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి, మాకెవరు చెప్పారు?

మాంసం, గుడ్లు తినకపోతే బీ12 విటమిన్ పరీక్ష చేయించుకో. కాన్పు తర్వాత థైరాయిడ్ గాడి తప్పినా ఇలాగే ఉంటుంది, అదీ అడుగు. ఇక చేపనూనె. దాని మీద పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. చికిత్సకు బదులుగా మాత్రం దాన్ని నమ్ముకోకు.

నేను తేరుకోవడానికి ఐరన్ ఎంత సాయపడిందో, కింది అంతస్తు ఆవిడ అంత సాయపడింది. మా ఇద్దరికీ భాష కలవదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని కిటికీ దగ్గర అటూ ఇటూ తిరిగేది, నేను కూర్చుని రెండు చేతులా వేడివేడిగా తినేదాన్ని. అప్పటిదాకా అన్నం చల్లారాకే నోట్లోకి వెళ్ళేది. మనిషి పక్కనుంటే ఆకలి కూడా వేస్తుందని అప్పుడే తెలిసింది.

మొదటి రెండు వారాల్లో ఏడుపు రావడం చాలామందికి ఉండేదే. అది దాటినా తగ్గకపోతే చెప్పాలి. ఎడిన్‌బరో స్కేల్ అని మనసు కుంగిందేమో చూడటానికి 10 ప్రశ్నల కాగితం ఇస్తారు, పరువు చూసుకోకుండా నిజం రాయి. నీకుగానీ బిడ్డకుగానీ ఏదైనా హాని చెయ్యాలన్న ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యి.

పరిచయాలు లేవని కూర్చోకు, నావి కూడా కష్టపడి సంపాదించుకున్నవే. కాన్పుకు ముందే ఇద్దరినైనా మాట్లాడి పెట్టుకో. చూడటానికి వస్తామంటే బిడ్డకు బట్టలు వద్దను, సాయంత్రం వద్దను. మధ్యాహ్నం తిండి వేళకి వచ్చి అరగంట పిల్లను ఎత్తుకోమను.