ఒంటికన్ను పగ: ఏ ప్రతి చూడాలి?

ప్రశ్న: హాలీవుడ్ సినిమా 'కిల్ బిల్'లో కంటికి పట్టీ కట్టుకునే ఎల్ డ్రైవర్ పాత్రకు మూలం పాత స్వీడన్ సినిమా అంటున్నారు. ఏది? చూడదగ్గదేనా? (ఒంగోలు పాఠకుడు)

జవాబు: 1973 నాటి 'థ్రిల్లర్: ఎ క్రూయల్ పిక్చర్'. దర్శకుడు బో ఆర్నే విబేనియస్ తెరమీద అలెక్స్ ఫ్రిడొలిన్‌స్కీ అనే మారుపేరు వేసుకున్నాడు. అంతకుముందు స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ తీసిన 'పెర్సోనా' సినిమాకు సహాయకుడిగా పనిచేశాడు. క్రిస్టీనా లిండ్‌బర్గ్ నాయిక. చిన్నప్పుడు జరిగిన అఘాయిత్యంతో ఆమెకు మాట పోతుంది. పెద్దయ్యాక బస్సు తప్పిపోయి ఒకడి కారెక్కుతుంది. వాడు హెరాయిన్‌కు బానిసను చేసి ఒళ్లమ్ముకునే పనిలోకి దించుతాడు. ఎదురు తిరిగితే కన్ను పొడిచేస్తాడు. ఆమె పైసా పైసా కూడబెట్టి కరాటే, తుపాకీ, కారు నడపడం నేర్చుకుంటుంది. ఆ నేర్చుకునే భాగమే ఈ సినిమాకు ప్రాణం. తొందరపడని ఆ ఓపికే తర్వాతి కాల్పులకు బరువు తెస్తుంది. పగబట్టిన మనిషి నోట ఒక్క మాటా లేకపోవడంతో చూపు, నడక, పట్టీ ఇవే మాట్లాడాలి. లిండ్‌బర్గ్ వాటితోనే మాట్లాడించింది. తప్పక చూడవలసిన సినిమా, పెద్దవాళ్లు మాత్రమే.

స్వీడన్‌లో పూర్తిగా నిషేధించిన మొదటి సినిమా ఇదేనని ప్రచారం చేశారు. అది నిజం కాదు. విక్టర్ షోస్ట్రోమ్ తీసిన 'ది గార్డెనర్'ను 1912లోనే అక్కడి సెన్సారు ఆపేసింది. పోయిందనుకున్న ఆ సినిమా ప్రతి దశాబ్దాల తర్వాత అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దొరికింది.

ప్రశ్న: ఒకచోట 82 నిమిషాలు, ఇంకోచోట 104, మరోచోట 107 అని ఉంది. అసలుది ఏది? (హనుమకొండ పాఠకురాలు)

జవాబు: 82 నిమిషాల ప్రతి అమెరికాలో 'దే కాల్ హర్ వన్ ఐ' పేరుతో ఆడిన కోత ప్రతి. నిదానంగా సాగే భాగాలు అందులో తెగిపోయాయి, దాన్ని వదిలేయండి. 107 నిమిషాల ప్రతిలో వేరేవాళ్ల శరీరాలతో తీసి అతికించిన అశ్లీల ముక్కలు ఉంటాయి. లిండ్‌బర్గ్ వాటిలో లేదు. 104 నిమిషాల ప్రతిలో ఆ ముక్కలు లేవు, కథ మాత్రం పూర్తిగా ఉంది. మా ఓటు దానికే. ఆ ముక్కలు తీసేసినా కథకు ఒక్క కుట్టు కూడా ఊడదు.

ఒక చిక్కుంది. యూరప్ టేపులు, పాత డీవీడీలు సెకనుకు 25 ఫ్రేముల చొప్పున ఆడతాయి, సినిమా తీసింది 24తో. అందువల్ల నిడివి నూటికి 4 తగ్గి, 107 కాస్తా 103 దగ్గరికి వస్తుంది. కోత పడిందని పొరపడతారు. సంగీతం వినండి: వేగం పెరిగిన ప్రతిలో శ్రుతి కాస్త ఎక్కువగా వినిపిస్తుంది.

ప్రశ్న: అందులో కాల్పులు అంత నెమ్మదిగా ఎలా తీశారు? (విశాఖ పాఠకుడు)

జవాబు: కెమెరాలో ఫిల్మును వేగంగా తిప్పి, మామూలు వేగంతో ఆడిస్తారు. లెక్కకు సెకనుకు 240 ఫ్రేములనుకోండి. ఒక సెకను పది సెకన్లవుతుంది. 400 అడుగుల 35 ఎంఎం రీలు మామూలుగా నాలుగున్నర నిమిషాలు వస్తుంది. ఇక్కడ 27 సెకన్లకే అయిపోతుంది. ఒక్కో ఫ్రేముకు పడే వెలుతురు పదో వంతుకు తగ్గుతుంది కాబట్టి ఎండ మండుతుండాలి, లేదా లెన్సు బాగా తెరవాలి. లెన్సు తెరిస్తే ఫోకస్ లోతు తగ్గుతుంది. పడిపోయే మనిషి ఒక అడుగు ముందుకొచ్చినా మసకబారతాడు.

ప్రశ్న: విదేశీ డిస్క్ తెప్పిస్తే మన ప్లేయర్‌లో ఆడుతుందా? (విజయవాడ పాఠకుడు)

జవాబు: ఒక ప్రాంతపు డిస్క్ ఇంకో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకుండా వేసే తాళాన్ని రీజియన్ అంటారు. డీవీడీకి మనది రీజియన్ 5, అమెరికాది 1. బ్లూరేకి మనది సి, వాళ్లది ఎ. రీజియన్ తాళం పడిన డిస్క్ ఇక్కడి మామూలు ప్లేయర్ తీసుకోదు. 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్క్‌కు రీజియన్ తాళమే లేదు, కాని దానికి 4కె ప్లేయరే కావాలి. ఈ సినిమా 4కె డిస్క్ 2022లో అమెరికాలో వచ్చింది. అశ్లీల వస్తువుల దిగుమతి మన కస్టమ్స్‌లో నిషిద్ధం. డబ్బు కట్టే ముందు డిస్క్‌లో ఏయే ప్రతులున్నాయో వివరంగా చదవండి.

ప్రశ్న: పాత ప్రింట్లన్నీ గులాబీ రంగుకు తిరుగుతాయెందుకు? (నెల్లూరు పాఠకురాలు)

జవాబు: ఆనాటి ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు మిగతావాటికన్నా ముందు వెలిసిపోతుంది. ఎరుపే మిగులుతుంది. 1970ల నాటి మన తెలుగు ప్రింట్లకూ పట్టిన గతి ఇదే. అందుకే పునరుద్ధరణకు ప్రింటు కన్నా కెమెరా నెగెటివ్ కోసం వెతుకుతారు. డబ్బా మూత తీయగానే పులిసిన వినిగర్ వాసన కొడితే అసిటేట్ ఫిల్ము కుళ్లడం మొదలైనట్టే. వాసన రాకముందే పట్టుకోవాలంటే డబ్బాలో ఎ-డి స్ట్రిప్ (ఆమ్లం తగిలితే రంగు మారే కాగితపు ముక్క) వేయండి. నీలం నుంచి ఆకుపచ్చకు తిరిగితే ఆమ్లం పుట్టినట్టు, పసుపుకు తిరిగితే ఇక ఆలస్యం చేయకుండా స్కాన్ చేయించాలి. అలాంటి డబ్బాను మిగతావాటి పక్కన పెట్టకండి, ఆ ఆవిరి పక్క రీళ్లనూ తినేస్తుంది.